భుజాన సంచి... ఎదుట భావనపాడు

సముద్రం ఫొటోలు తీయాలని బయల్దేరేవాళ్ళు కెమెరా గురించి ఆలోచించినంతగా దాన్ని మోసుకెళ్ళే సంచి గురించి ఆలోచించరు. నేనూ ఆలోచించలేదు. శ్రీకాకుళం జిల్లా భావనపాడు తీరంలో ఓ ముసలి జాలరి నాకా పాఠం చెప్పాడు. ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు, నాకు అర్థం కావడానికే రెండేళ్ళు పట్టింది.

తెల్లవారుజామున అయిదున్నర. తూరుపు ఇంకా ఎరుపెక్కలేదు. ఇసుకలో చెప్పులు కూరుకుపోతుంటే వాటిని చేత్తో పట్టుకుని నడుస్తున్నాను. ఎడమ పక్కన సరుగుడు తోపు గాలికి హోరుమంటోంది. కుడి పక్కన సముద్రం. ఎదురుగా ఇరవై మంది దాకా మనుషులు రెండు వరసల్లో నిలబడి, ‘ఏలో’ అంటూ పాట ఎత్తుకుని అలివి వల లాగుతున్నారు. నీళ్ళలోంచి వల కొస ఒడ్డుకొచ్చే సమయానికి, సరిగ్గా ఆ వల వెనకనుంచే సూర్యుడు పైకి తేలాడు. ఎవరో కావాలని పేర్చినట్టున్న దృశ్యం. అలాంటి క్షణం కోసమే విశాఖపట్నం నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చాను.

కెమెరా తీద్దామని సంచి దించాను. అది మా అబ్బాయి కాలేజీ సంచి. కెమెరాని తువ్వాల్లో చుట్టి అడుగున పెట్టాను, పైన బరువు పడితే కదలకుండా ఉంటుందని. దాని మీద చొక్కా, దాని మీద నీళ్ళ సీసా, దాని మీద మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బా. ఒక్కొక్కటే తీసి ఇసుకలో పెడుతున్నాను. వల ఒడ్డుకొచ్చేసింది. చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆడవాళ్ళు గంపలు పట్టుకుని పరుగెత్తారు. సూర్యుడు మనిషెత్తు పైకొచ్చేశాడు. నేనింకా తువ్వాలు విప్పుతూనే ఉన్నాను.

‘‘ఏటి బావూ, అంత సంచీ ఏసుకొచ్చినావు... ఏటెతుకుతున్నావు?’’

తలెత్తి చూస్తే డెబ్బై ఏళ్ళ పైబడిన తాత. గోచీ, తలకి తుండుగుడ్డ, నోట్లో ఆరిపోయిన బీడీ.

‘‘కెమెరా తాతా.’’

‘‘అడుగున ఎట్టినావేటి? ఏటకెల్తే వల పైనెట్టుకుంతాం, కూడు కిందెట్టుకుంతాం బావూ. ముందల ఏటి కావాల్నో అది ముందల సేతికందాల’’ అని నవ్వాడు.

ఆ తర్వాత ఎన్నో కెమెరా బ్యాగుల దుకాణాలు చూశాను. రకరకాల బ్యాగుల గురించి చదివాను. తాత చెప్పిన ఆ మాటకంటే మంచి సూత్రం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఒక్క ఫొటో

అది 2017 ఫిబ్రవరి. ఆ పూట తాత నన్ను వదల్లేదు. ఉప్పుటేరు దాటించి అవతలి ఒడ్డు చూపిస్తానని చిన్న పడవలో ఎక్కించుకున్నాడు. ఏటి నోటి దగ్గర పోటు నీళ్ళు ఎదురెక్కుతున్నాయి. పడవ ఊగినప్పుడల్లా నీళ్ళు చిమ్మి నా సంచి మీద పడుతున్నాయి. గుడ్డ సంచే కదా... పీల్చేసుకుంది. పడవ మధ్యలో తాత అడుగునున్న ప్లాస్టిక్ డబ్బా మూత తిప్పి బీడీ, అగ్గిపెట్టె తీసి వెలిగించాడు. పుల్ల మొదటి గీతకే వెలిగింది. యాభై వేల రూపాయల కెమెరా తడుస్తోంది, రూపాయి అగ్గిపెట్టె మాత్రం పొడిగా ఉంది!

అవతలి ఒడ్డున దిగాక తాత తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, పడవకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ‘‘నాకొక పొటో తియ్యి బావూ. పోయినాక గోడకెట్టుకుంతారు మావోల్లు’’ అన్నాడు. అనేసి తనే పకపకా నవ్వాడు.

కెమెరా పైకెత్తాను. లెన్సు తిప్పితే కరకరమంది... లోపల ఇసుక. మీట నొక్కితే లోపలేదో కదిలినట్టు చప్పుడైంది కానీ తెర నల్లగానే ఉండిపోయింది. ఇంకోసారి నొక్కాను. అంతే. నవ్వుతూ నిలబడ్డ తాత ‘‘అయిపోనాదా?’’ అనడిగాడు.

అయిపోయిందన్నాను.

కెమెరా చెడిపోయిందని చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఎలాగూ వచ్చే నెల మళ్ళీ వస్తాను కదా, అప్పుడు తీసి కాగితం మీద వేయించి ఇస్తే సరిపోతుందనుకున్నాను. ‘‘తెచ్చిస్తాను తాతా’’ అని కూడా చెప్పాను.

విశాఖ వెళ్ళాక మరమ్మతు చేసే అబ్బాయి కెమెరా విప్పి చూపించాడు. ఉప్పునీళ్ళు తగిలిన చోటల్లా లోపలి తీగల మీద పచ్చగా చిలుము పట్టింది. బాగుచేయడానికి అడిగిన మొత్తానికి ఇంకొంచెం వేస్తే కొత్తదే వస్తుంది. ఆ ఏడు అబ్బాయి ఫీజులు, తర్వాత నా బదిలీ. వచ్చే నెల, ఆ వచ్చే నెల అనుకుంటూనే ఇరవై మూడు నెలలు గడిచిపోయాయి.

భుజం అలిసిపోద్ది... నడుం అలవదు

ఆ రోజు తాత ఇంకో మాట కూడా అన్నాడు. సంచి ఒక్క భుజానికే తగిలించుకుని, అది జారుతుంటే ఎగదోసుకుంటూ నడుస్తున్న నన్ను చూసి, ‘‘బుజం అలిసిపోద్ది బావూ. నడుం అలవదు’’ అన్నాడు. అన్నేళ్ళు కావిడి మోసిన మనిషి కదా! కావిడి మోసేవాళ్ళని గమనించండి. బరువు ఊగే లయకి తగ్గట్టు నడుం, మోకాళ్ళు ఆడతాయి. చేపల గంప ఎత్తుకున్న ఆడవాళ్ళ నెత్తిన చుట్టకుదురు, దాని కింద నిటారుగా వెన్ను, తూకంగా నడుం... భుజాలకి అసలు పనే ఉండదు.

ఈ రహస్యం అమెరికాలో వీపు సంచులు కుట్టేవాళ్ళకి తెలియడానికి చాలాకాలమే పట్టింది. 1952లో డిక్ కెల్టీ అనే ఆయన కాలిఫోర్నియాలో అల్యూమినియం చట్రంతో కొండలెక్కేవాళ్ళకి సంచులు చేసి అమ్మడం మొదలెట్టాడు. నడుముకి పట్టీ బిగిస్తే బరువు భుజాల మీంచి తుంటి ఎముకల మీదకి దిగుతుందని ఆ సంచులు జనానికి నేర్పాయి. తర్వాత 1967లో గ్రెగ్ లో అనే పర్వతారోహకుడు ఆ చట్రాన్ని సంచి లోపలికే మార్చాడు. ఆయన ఫొటోగ్రాఫర్ కూడా. కెమెరా బ్యాగులకు పేరుపడ్డ ‘లోప్రో’ ఆయన మొదలుపెట్టిందే.

చేపలకీ కెమెరా సంచికీ ఇంకో చుట్టరికం కూడా ఉంది. ఇంగ్లండులో ‘బిల్లింగ్‌హామ్’ అనే సంస్థ 1973లో మొదలైనప్పుడు చేపలు పట్టేవాళ్ళకి సంచులు కుట్టేది. కొన్నేళ్ళ తర్వాత చూస్తే న్యూయార్క్‌లో ఆ సంచులు కొంటున్నవాళ్ళు చేపలవాళ్ళు కారు, ఫొటోగ్రాఫర్లు! నీళ్ళకి తట్టుకునే గుడ్డ, పైమూత ఎత్తగానే చేతికందే అరలు... ఇంకేం కావాలి? అప్పట్నుంచి వాళ్ళు కెమెరా సంచులు కుడుతున్నారు. ఫిలడెల్ఫియాలో జిమ్ డోమ్కే అనే పత్రికా ఫొటోగ్రాఫర్ కూడా 1970ల్లో తన పనికి సరిపోయే సంచి దొరక్క సొంతంగా కుట్టించుకున్నాడు. అది ప్రపంచమంతా వ్యాపించింది. మోసేవాళ్ళ అవసరంలోంచి పుట్టిన సంచులే నిలబడ్డాయన్నమాట.

ముందు తూకం... తర్వాతే బేరం

నేను కొత్త కెమెరా కొన్నాక, సంచి కొనేముందు ఇంట్లో వంటింటి తూకం ముందేసుకుని కూర్చున్నాను. కెమెరా 800 గ్రాములు. పక్షుల కోసం 150-600 లెన్సు 2 కిలోలు. వెడల్పు దృశ్యాలకి చిన్న లెన్సు అర కిలో. ట్రైపాడ్ కిలోన్నర పైమాటే. నీళ్ళు లీటరు, అంటే కిలో. బ్యాటరీలు, ఛార్జరు, తుడిచే గుడ్డలు ఇంకో అర కిలో. వీటన్నిటినీ మోసే ఖాళీ సంచి బరువే రెండు కిలోలు. మొత్తం ఎనిమిది కిలోలు దాటింది. పులిహోర డబ్బా లెక్కలో లేదు!

ఆ లెక్క చూశాక మా ఆవిడ ‘‘ఇందులో ఏది లేకపోయినా ఫర్వాలేదో అది తీసెయ్యండి’’ అంది. అసలు మొదలు పెట్టాల్సింది అక్కడే. చాలామంది పెద్ద సంచి కొని, ఖాళీ ఉంది కదా అని నింపేస్తారు. ఒక్క పగటి ప్రయాణానికి 20 నుంచి 25 లీటర్ల సంచి సరిపోతుంది. విమానాల్లో వెళ్ళేవాళ్ళయితే మన దేశంలో చేతి సామాను మామూలుగా 7 కిలోలు దాటనివ్వరన్నది గుర్తుంచుకోవాలి.

తర్వాత వీపు కొలత. చొక్కా కొలిచినట్టే సంచికీ కొలవాలి. తల ముందుకు వంచితే మెడ వెనక ఉబ్బుగా ఓ ఎముక తగులుతుంది. అక్కణ్ణుంచి తుంటి ఎముకల పైఅంచు ఎత్తు దాకా టేపు పెట్టించండి. నాది 18 అంగుళాలు. సంచి అంతకంటే బాగా పొట్టిదైతే నడుం పట్టీ పొట్ట మీదకొస్తుంది. అప్పుడది పట్టీ కాదు, అలంకారం. పొట్టిగా ఉండే ఆడపిల్లలకి మగవాళ్ళ కొలతల సంచి ఇస్తే నడుం మీద కాక పిరుదుల మీద తంతూ ఉంటుంది. అందుకే ఎవరి సంచి వాళ్ళే వేసుకుని చూసి కొనుక్కోవాలి.

దుకాణానికి వెళ్ళేటప్పుడు మీ కెమెరా, లెన్సులు వెంట తీసుకెళ్ళండి. ఖాళీ సంచి ఎవరి వీపుకైనా హాయిగానే ఉంటుంది. సామానంతా సర్దండి. బరువైన లెన్సు వీపుకి దగ్గరగా, నడిమి ఎత్తులో రావాలి. అది బయటివైపు ఉంటే మనిషిని వెనక్కి లాగుతుంది. నడుం పట్టీ ముందు బిగించి, ఆ తర్వాత భుజం పట్టీలు, చివర ఛాతీ పట్టీ బిగించండి. దుకాణం మెట్లు రెండుసార్లు ఎక్కి దిగండి. భుజం మీద పట్టీకి, చర్మానికి మధ్య వేలు దూరిందంటే బరువు నడుం మీదకి దిగినట్టే. అమ్మేవాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇప్పుడు తాత సూత్రం. ముందు కావాల్సింది ముందు చేతికందాలి. వీపు వైపు తెరుచుకునే సంచులు, పక్క జేబులోంచి కెమెరా లాగే సంచులు, ముందువైపు పూర్తిగా విచ్చుకునేవి అని మూడు రకాలున్నాయి. ముందువైపు తెరుచుకునే దాన్ని వెల్లకిలా పడుకోబెడితే గానీ తీయలేం. అంటే వీపుకి ఆనుకునే భాగం ఇసుకలో, బురదలో ఉంటుంది. అదే మళ్ళీ మన చొక్కాకి అంటుకుంటుంది. సముద్ర తీరానికి వీపు వైపు తెరుచుకునేదే మేలు. నడుం పట్టీ విప్పకుండా సంచిని పొట్ట మీదకి తిప్పుకుని, నిలబడే కెమెరా తీసుకోవచ్చు. సంచి నేలకి తగలక్కర్లేదు. రద్దీ బస్సుల్లో దొంగల భయమూ ఉండదు.

వెయ్యీ రెండు వేలలో పని జరగాలనుకునేవాళ్ళకి ఇంకో దారి ఉంది. లోపల మెత్తలు, అరలు కుట్టిన చిన్న పెట్టెలాంటి సంచీ విడిగా దొరుకుతుంది. ఇంట్లో ఉన్న మంచి ప్రయాణపు సంచిలో దాన్ని పైభాగాన దించితే అదే కెమెరా బ్యాగు. చూడ్డానికి కెమెరా బ్యాగులా కనిపించకపోవడం కూడా ఒక రక్షణే.

నీళ్ళు, ఇసుక, ఉప్పు

సంచితోపాటు వచ్చే ‘రెయిన్ కవర్’ పైనుంచి పడే వానకి మాత్రమే. పక్కనుంచి చిమ్మే కెరటానికి, పడవ అడుగున నిలిచిన నీళ్ళకి అది పనికిరాదు. వీపు వైపు ఎటూ తెరిచే ఉంటుంది కదా! ఏరు దాటేవాళ్ళు నోరు మూడు నాలుగు మడతలు చుట్టి బిగించే జలనిరోధక సంచి ఒకటి మడిచి ఉంచుకోవాలి. అది లేకపోతే మందపాటి పాలిథీన్ సంచిలో కెమెరా పెట్టి, నోరు మెలితిప్పి రబ్బరు బ్యాండు వేసినా చాలు. జాలర్లు సెల్‌ఫోను అలాగే దాచుకుంటారు. తాత బీడీల డబ్బా అదే చదువు.

ఇసుక నీళ్ళకంటే గడుసుది. తీరంలో లెన్సు మార్చకండి. ఏ లెన్సు కావాలో బసలోనే బిగించుకుని రండి. సంచి ఎక్కడ పెట్టాలో తెలియకపోతే ట్రైపాడ్‌కి తగిలించండి. గాలికి ట్రైపాడ్ కదలకుండా బరువుగానూ పనికొస్తుంది. ఇక ఉప్పు. అది కంటికి కనబడదు. ఇంటికొచ్చాక సంచి ఖాళీ చేసి, మంచినీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, జిప్పుల పళ్ళని పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, నీడలో ఆరబెట్టండి. ఆరాక కొవ్వొత్తి ముక్కతో జిప్పు మీద ఒకసారి గీస్తే జారుడుగా నడుస్తుంది. కెమెరాని మాత్రం ఆ సంచిలోనే నెలల తరబడి ఉంచెయ్యకండి. మన కోస్తా ఉక్కకి లెన్సు అద్దం మీద బూజు తీగల్లా అల్లుకుంటుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టుకోవడం ఉత్తమం.

గూడబాతుల ఊరు... ఉప్పు మళ్ళు

భావనపాడు సంతబొమ్మాళి మండలంలో ఉంది. విశాఖపట్నం నుంచి పదహారో నంబరు జాతీయ రహదారి మీద శ్రీకాకుళం, కోటబొమ్మాళి దాటి టెక్కలి చేరితే అక్కణ్ణుంచి సముద్రం వైపు తిరగాలి. రైల్లో వచ్చేవాళ్ళకి నౌపడ జంక్షన్ దగ్గర. పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు 1900లో మొదలైంది ఇక్కణ్ణుంచే. 2004లో ఆ బుల్లి బండి ఆగిపోయింది, ఇప్పుడు ఆ దారిలో పెద్ద బండ్లు నడుస్తున్నాయి.

నౌపడ అంటే ఉప్పు. దారికి రెండు వైపులా అద్దాలు పరిచినట్టు ఉప్పు మళ్ళు. వేసవి మొదట్లో తెల్లటి కుప్పలు, వాటి మధ్య పారలతో మనుషులు. ఫొటోగ్రాఫర్‌కి ఇంతకంటే ఏం కావాలనిపిస్తుంది. కానీ అక్కడ గంటసేపు నిలబడితే కాళ్ళ కింది మంట అర్థమవుతుంది. నల్ల సంచి ఆ ఎండకి పెనంలా కాలుతుంది. బూడిదరంగో, లేత ఆకుపచ్చో అయితే కొంత నయం. ఎండంటే ఈ ప్రాంతపు దేవుడికీ భయం లేదు. టెక్కలి దగ్గర రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి పైకప్పు లేకుండా ఎండలోనే ఉంటాడు!

నౌపడకి దగ్గర్లోనే తేలినీలాపురం. ఊళ్ళోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుంటాయి. వానాకాలం చివర వచ్చి, పిల్లల్ని పెంచి, వేసవి మొదట్లో వెళ్ళిపోతాయి. వీటిని సైబీరియా పక్షులని అందరూ అంటారు. నిజానికి ఈ రెండు జాతులూ మన దక్షిణాసియావే. నీళ్ళు, చేపలు ఎక్కడ దొరికితే అక్కడికి మన దేశంలోనే తిరిగే బాటసారులు. అలాగని వాటి గొప్ప తగ్గదు. పరాయి దేశపు చుట్టాలు కారు, మన ఆడపడుచులే అనుకుంటే ఇంకా ముద్దొస్తాయి. ఇక్కడ సంచి విషయంలో ఓ చిన్న మాట... వెల్క్రో పట్టీలున్న సంచి వద్దు. ‘పర్‌ర్’మని లాగగానే చెట్టు చెట్టంతా లేచిపోతుంది. తల్లి లేచిపోతే గూట్లో పిల్ల ఎండకి మాడుతుంది. మన ఫొటో కోసం అంత ఖరీదు కట్టకూడదు.

జనవరి నుంచి ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట వాటి మీద ఫ్లాష్ కొట్టకూడదు. టార్చి వెలుగూ వద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. వేట సందడి చూడాలనుకునేవాళ్ళు ఆ రోజులు తప్పించుకుని రావాలి.

ఇక్కడి తంపర భూములు, ఏరు, ఉప్పు మళ్ళు ఎల్లకాలం ఇలాగే ఉంటాయనుకోడానికి లేదు. కాకరాపల్లి తంపరలో తలపెట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రానికి వ్యతిరేకంగా జనం ఉద్యమిస్తే 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. భావనపాడు పోర్టుగా మొదట అనుకున్నది మూలపేట పోర్టు పేరుతో 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరుపుకుంది. ఊళ్ళు కదిలాయి. ఉద్యోగాలొస్తాయన్న ఆశ ఒకవైపు, వేట ఏమవుతుందోనన్న బెంగ ఇంకోవైపు. ఏది మంచో చెప్పడం బాటసారి పని కాదు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఓ ఫొటోలో దాచడమే మనం చేయగలిగింది. దానికి కెమెరా చేతిలో ఉండాలి, పనిచేస్తూ ఉండాలి.

గోడ మీద

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. ఆ వార్తలు చూస్తుంటే నాకు తాతే గుర్తొచ్చాడు. కొత్త సంచి వీపుకి తగిలించుకుని 2019 జనవరిలో భావనపాడు వెళ్ళాను. నడుం పట్టీ బిగించాను, కెమెరా ముందే చేతిలో ఉంది, పాలిథీన్ సంచి జేబులో ఉంది. తాతని ఫొటో తీయడానికి అంతా సిద్ధం.

తాత లేడు. తుఫాను కాదు, అంతకు ముందే ఆ వానాకాలంలో జ్వరమొచ్చి పోయాడట.

ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. గుమ్మంలో మామ్మ ఎండుచేపలు ఏరుతోంది. నా వీపు వైపు చూసి ‘‘నువ్వేనేటి, ఆ సంచీ బాబువి?’’ అంది. కొడుకుని పిలిచింది. ‘‘ఒరే, పట్నం బాబు వొచ్చినాడ్రా. మీ అయ్య పొటో తెచ్చినాడు.’’

తాత ఇంట్లో అందరికీ చెప్పాడట. పట్నం బాబు పెద్ద కెమెరాతో పడవ దగ్గర నిలబెట్టి తీశాడని, కాగితం మీద వేయించి తెస్తాడని. చివరి రోజుల్లో కూడా అడిగాడట, ఆ బాబు వచ్చాడా అని.

అక్కడే అరుగు మీద కూర్చుని నిజం చెప్పాను. ఆ రోజు కెమెరా పనిచేయలేదని, సిగ్గేసి అబద్ధమాడానని. మామ్మ ఏమీ అనలేదు. చాలాసేపు చేపలు ఏరుతూనే ఉంది. చివరికి ‘‘అలగా...’’ అని, లోపలికెళ్ళి ఆధార్ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది.

‘‘దీన్ని పెద్దది సేయించి ఇస్తావేటి?’’

టెక్కలిలో ఓ స్టూడియోలో చేయించి తెచ్చిచ్చాను. అంత చిన్న బొమ్మని పెద్దది చేస్తే ఎలా వస్తుందో మీకు తెలుసు. మసకమసగ్గా, బిగుసుకుపోయినట్టు, భయపడినట్టు ఉంది. ఇప్పుడు ఆ ఇంటి గోడ మీద దండ వేసుకుని అదే ఉంది. అందులో తాత నవ్వడు.

ఆ రోజు మామ్మని, కొడుకుని, కోడల్ని, పిల్లల్ని, పక్కిళ్ళవాళ్ళని కూర్చోబెట్టి తీశాను. వల లాగే ఇరవై మందినీ ఒక్కొక్కరిగా తీశాను. ఏటా వెళ్తున్నాను. నా సంచికి వీపు వైపు లాప్‌టాప్ కోసమని కుట్టిన సన్నటి అర ఒకటుంది. సంచి అమ్మినవాడు ‘‘ఇదే సార్ దీని ప్రత్యేకత’’ అన్నాడు. నేను లాప్‌టాప్ ఎప్పుడూ తీసుకెళ్ళను. రెండు అట్టల మధ్య, పాలిథీన్ కవర్లో కిందటేడు తీసిన ఫొటోలు పెట్టుకుని వెళ్తాను. ఊరు చేరాక సంచి విప్పితే ముందు బయటికొచ్చేవి అవే.

ముందు కావాల్సింది ముందు చేతికందాలి కదా!